బావి పాచిలో ఎలుగు

నంద్యాల, మంగళవారం.

చెన్నయ్యకు మీ నాయన ఓబులేసు రాయడం. ఈడ మీ తమ్ముని ఇంట్లో నేను బాగుండాను.

దిగుడుబావి మెట్ల మీద పాచి గీకమని నీ పెండ్లయినప్పటి నుంచి చెబుతున్నా నువ్వు వినలేదు. దాంతోనే ఈ తిప్పలు వచ్చినాయి. మీ తమ్ముడు శేషన్న సైన్సు అయివారు గదా, మొన్న ఆ పాచినే పొట్లం కట్టి తెచ్చుకున్నాడు. ఆదివారం దాన్ని నీళ్లలో నానబెట్టి, "నాయనా, మన బావిలో నీటి ఎలుగులుండాయి" అన్నాడు. నేను వెంటనే ఆళ్లగడ్డ బస్సు ఎక్కుతున్న మన ఊరి రంగయ్యతో, బావిలో ఎలుగుబంటి ఉందని, ఆడవాళ్లను నీళ్లకు పంపొద్దని మీకు కబురు చేసినాను.

తర్వాత శేషన్న భూతద్దం గొట్టంలో చూపించినాడు. అది కంట్లో పడే నలకంత కూడా లేదు. ఎనిమిది కాళ్లు, గోర్లు, నడక మాత్రం నల్లమల ఎలుగుదే. "ఇది ఎలుగేందిరా?" అంటే, "పేరు అట్ల పెట్టినారు నాయనా. మన దేశంలో యాడ ఏ రకముందో సరిగ్గా ఎవురికీ తెలీదు, నేను వెతుకుతాండా" అన్నాడు. ఎండి చచ్చినట్లుండి తడిపితే లేస్తుందంట. నాకేమీ అంతుపట్టలేదు.

కట్టెలు పట్టుకొని బావికాడ కాపలా ఉంటే మానండి. ఆ నీళ్లే తెచ్చుకోండి. పాచి గీకొద్దని శేషన్న మాట. ఎనుము ఈనిందా? మీ అమ్మ మోకాలు ఎట్లుంది? కోడలికి, పిల్లలకు దీవెనలు.

రంగయ్య ఆ కబురు ఇంట్లోనే చెప్పినాడా, బస్సులో అందరికీ చెప్పినాడా? శుక్రవారం లోపల ఉన్నదున్నట్లు రాయి. ఊరు నవ్వుతాంటే నేను శనివారం బస్సు ఎక్కను.