కమానుకు బదులు మూడు రోజులు

చిరంజీవి కౌసర్‌కు,

మీ నాయన దీవెనలు. అల్లా దయ వల్ల మీ అమ్మా, నేనూ, మన గేదెలూ అందరం బాగానే ఉన్నాం. నెల్లూరులో నువ్వూ, అల్లుడు వాసిం, నా బంగారం సిద్దికా కూడా బాగున్నారనే తలుస్తున్నాను. ఫోన్‌లో నేను మాట్లాడుతుంటే మీ ఆసుపత్రిలో పేషెంట్లు లేచి కూర్చుంటున్నారని, "నాయనా, ఉత్తరం రాయి, తీరిగ్గా చదువుకుంటాను" అన్నావు. అప్పటినుంచి నేనీ పనికి బాగా రుచి మరిగాను.

నీ ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. మీ అమ్మకు మోకాలి నొప్పి తగ్గింది. నువ్వు పంపిన మందు వల్ల కాదట, కల్లంలో మిరపకాయలు ఏరే పని అయిపోయింది కాబట్టి తగ్గిందట. కాయ ఈసారి బాగా ఎండింది, రంగు కూడా బాగా వచ్చింది. ధర సంగతి మాత్రం అడగొద్దు. జూన్‌లో సిద్దికాను బళ్ళో వేస్తున్నామని, మొదటిరోజు దాని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడానికి నేనే రావాలని రాశావు. ఆ ముక్క మీ అమ్మకు మూడుసార్లు చదివి వినిపించాను. వస్తానో రానో మాత్రం ఇప్పుడే రాయను. నీకొక సంగతి చెప్పాల్సి ఉంది. అది విన్నాక రమ్మంటావో వద్దంటావో నీ ఇష్టం. కాస్త ధైర్యం కూడదీసుకోనీ, ఈలోగా ఊరి కబుర్లు రాస్తాను.

హైస్కూలు గేటుకు కమాను కట్టించావా అని అడిగావు. కట్టించలేదు. మీ నానమ్మ రసూల్‌బీ పేరు పైన చెక్కించి, అటూ ఇటూ సిమెంటుతో మిరపకాయ గుత్తులు పెట్టించాలని ఎంత ముచ్చటపడ్డానో నీకు తెలుసు. మనవైపు బడికి ఎవరేమిచ్చినా పేరు రాయించుకోవడం మామూలే కదా. ఫ్యాను రెక్కల మీద పేరు రాయించి, అది తిరుగుతుంటే పేరు కనపడటం లేదని బాధపడ్డ మనిషిని నేనెరుగుదును. ఆ మనిషి నేనే అని మీ అమ్మ అందరికీ చెబుతోంది, నమ్మకు.

కమాను సంగతి తెలిసి కొత్త హెడ్‌మాస్టరమ్మ సామ్రాజ్యం గారు మన ఇంటికి వచ్చారు. చాయ్ తాగి, గ్లాసు కింద పెట్టి, "బుడే గారూ, కమాను వద్దండి. ఆ డబ్బుతో మా స్టాఫందరికీ శిక్షణ ఇప్పిద్దాం. టీచర్లకే కాదు, ఆయాకి, వాచ్‌మన్‌కి, వంటవాళ్ళకి, పిల్లల్ని తెచ్చే ఆటోవాళ్ళకి కూడా. ప్రమాదం జరిగితే ఏం చెయ్యాలి, పిల్లలతో ఎలా మాట్లాడాలి, భయపడుతున్న పిల్లని ఎలా కనిపెట్టాలి, ఇవన్నీ నేర్పేవాళ్ళు గుంటూరులో ఉన్నారు. పిలిపించడానికి మా దగ్గర నిధుల్లేవు" అన్నారు.

"అంతా బానే ఉందమ్మా. శిక్షణ మీద పేరెక్కడ చెక్కిస్తారు?" అన్నాను.

ఆవిడ నవ్వేసి లేచారు. లోపల మీ అమ్మ కూడా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. మర్నాడే మేస్త్రీ పానకాలును వెంటబెట్టుకుని గేటు కొలతలకు వెళ్ళాను.

అక్కడే జరిగింది. ప్రార్థన వేళ, ఎనిమిదో తరగతి పిల్ల అనూష ఉన్నట్టుండి పడిపోయింది. ఫిట్స్. పిల్లలు కేకలు, టీచర్లు తలో దిక్కు. నేను ఊరుకుంటానా? పరుగెత్తి నా బండి తాళాలు ఆ పిల్ల గుప్పిట్లో కుక్కాను. పానకాలు కాళ్ళు అదిమి పట్టుకున్నాడు. ఆయా చెంబుతో నీళ్ళు తెచ్చి నోట్లో పొయ్యబోయింది. నర్సువి కదా, ఈపాటికి నన్ను తిడుతూనే ఉంటావు. తిట్టు, తప్పులేదు.

సామ్రాజ్యం గారు వచ్చి, "నీళ్ళు పొయ్యొద్దు. ఎవరూ అదిమి పట్టుకోవద్దు. ఆ తాళాలు తీసెయ్యండి" అని, పిల్లను పక్కకు తిప్పి పడుకోబెట్టి, తలకింద తన చేతిసంచి పెట్టి, గడియారం చూస్తూ కూర్చున్నారు. కాసేపటికి పిల్ల కళ్ళు తెరిచింది. ఆసుపత్రికి తీసుకెళ్ళారు, ఇప్పుడు మందులు వాడుతోంది, బాగుంది.

"ఎక్కడ నేర్చుకున్నారమ్మా?" అని అడిగాను.

"దర్శిలో పనిచేసేటప్పుడు శిక్షణలో చెప్పారండి. ఈ బళ్ళో నేనొక్కదాన్నే నేర్చుకున్నాను. నేను సెలవు పెట్టిన రోజు ఎట్లా?"

పానకాలును కొలతలు తియ్యకుండానే ఇంటికి పంపించేశాను.

పోయిన నెల మూడు రోజులు శిక్షణ జరిగింది. మొదటిరోజు వాచ్‌మన్ యలమందయ్య, "గేటు కాడ కూచోటానికి కూడా ట్రైనింగా?" అని సణిగాడు. రెండోరోజు నేను చూడబోతే ఆ మనిషే నన్ను గేటు దగ్గర ఆపి పుస్తకం చేతికిచ్చాడు.

"పేరు రాసి, ఏం పని మీదొచ్చారో రాయండి."

"ఒరేయ్ యలమందా, డబ్బులిచ్చినోణ్ణిరా నేను."

"అందుకే మీతోనే మొదలెట్టా. మీరు రాస్తే ఇంకెవురూ కాదనరు."

రాశాను, ఏం చేస్తాను. ఇప్పుడు ఆటోవాళ్ళు పిల్లల్ని లెక్కపెట్టుకుని దింపుతున్నారు. ఆయా పిల్లల్ని "మొద్దూ" అనడం మానేసి పేర్లు పెట్టి పిలుస్తోంది. వచ్చే ఏడు కూడా శిక్షణ జరిపించాలని ఇద్దరు మిర్చి వ్యాపారులను పట్టుకున్నాను. పేరెక్కడ రాస్తారని వాళ్ళూ అడిగారు. నాకు భలే నవ్వొచ్చింది.

ఇక అసలు సంగతి. మూడోరోజు నన్నూ కూర్చోమన్నారు. శిక్షణ ఇచ్చే అమ్మాయి అందరికీ తలో కాగితం ఇచ్చి, బడికి సంబంధించి మీరు మరిచిపోలేని రోజు గురించి రాయండి, పేరు అక్కర్లేదు అంది. పక్కవాళ్ళ కాగితాల్లోకి తొంగిచూస్తే, అందరూ తాము తిన్న దెబ్బల గురించే రాస్తున్నారు. నేను నీ గురించి రాశాను.

ఏడో తరగతిలో నీకు లెక్కల్లో తొమ్మిది మార్కులొచ్చాయి. కోటేష్ సారు నిన్ను ఎండలో, పిల్లలందరి ముందు, గులకరాళ్ళ మీద మోకాళ్ళేయించాడు. ఆయన్ని నువ్వు ఇప్పటికీ రాక్షసుడనే అంటావు. తల్లీ, ఆ ముందురోజు నేను ఆయన ఇంటికి వెళ్ళాను. "కళ్ళు రెండూ వదిలేసి చర్మం ఒలిచెయ్యండి సార్" అన్నాను. తండ్రులందరూ అనే మాటే అది, మా నాన్న నా గురించి అన్నదే. అక్కడితో ఆగినా బాగుండేది. "అందరి ముందూ మోకాళ్ళేయించండి, సిగ్గుపడితేనే దారికొస్తుంది" అని కూడా అన్నాను. ఆయన "ఆడపిల్ల కదండీ" అని నసిగాడు. నేను వినలేదు.

ఆ సాయంత్రం నువ్వు కుంటుకుంటూ వస్తే, ఏమీ తెలియనట్టు "ఏమైందమ్మా?" అని అడిగాను. నీ మోకాళ్ళకు కొబ్బరినూనె రాశాను. నువ్వు నా మెడ పట్టుకుని "సారు రాక్షసుడు నాయనా" అని ఏడిస్తే, "అవునమ్మా" అన్నాను. ఆ ఏడాదే అద్దంకిలో మీ మేనత్త దగ్గర ఉండి చదువుకుంటానని వెళ్ళిపోయావు. మంచి బడి అని పంపించానని ఊరంతా చెప్పుకున్నాను. నువ్వు వెళ్ళాక ఇంట్లో అన్నం సయించేది కాదు.

కోటేష్ సారు వచ్చే ఏడు రిటైరవుతున్నారు. శిక్షణ మూడోరోజు నా పక్కనే కూర్చున్నారు. నా కాగితం ఆయనకే చూపించాను. చదివి, "చెప్పింది మీరే, చేసింది మాత్రం నేను. కాదనే ధైర్యం నాకుండాల్సింది" అన్నారు. నువ్వు ఊరికొచ్చినప్పుడల్లా ఆయన్ని చూసి వీధి మారిపోతావు. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆయన నా పేరు బయట పెట్టలేదు. నా తప్పు కూడా కలిపి ఆయన ఒక్కడే మోశాడు. నాకు సిగ్గేసింది తల్లీ, చాలా సిగ్గేసింది.

మీ అమ్మకు నిన్ననే చెప్పాను. పొద్దున చాయ్ ఇచ్చింది, చక్కెర వెయ్యకుండా.

తొమ్మిది మార్కులు రావడం తప్పు కాదమ్మా. ఆ రోజు జరిగినదాంట్లో నీ తప్పు ఇసుమంత కూడా లేదు. ఇక నీ ఇష్టం. రావద్దంటే ఇక్కడినుంచే దీవిస్తాను, నీ మీద కోపం పెట్టుకోను. రమ్మంటే వస్తాను. సిద్దికాను దింపి, బడి వదిలేదాకా గేటు బయటే కూర్చుంటాను. అది ఏడుస్తూ వచ్చి నా మెడ పట్టుకుని ఎవరు కొట్టారో చెబితే, కొట్టించింది నేను కాదని దాని కళ్ళలోకి చూసి చెప్పగలను. నీకు చెప్పలేకపోయాను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
మీ నాయన,
షేక్ బుడే