నా సంతకం పక్కన ప్రిన్స్ తాత గుర్తు

దక్షిణ కెరొలైనా, సెయింట్ హెలీనా దీవిలో కాపురముంటున్న ఆర్లీథా గ్రాంట్ అనే నేను, వయస్సు డెబ్బై తొమ్మిది, స్థిరబుద్ధితో, ఎవరి ఒత్తిడీ ప్రోద్బలమూ లేకుండా, స్వహస్తంతో రాస్తున్న వీలునామా ఏమనగా: బుద్ధి స్థిరంగానే ఉంది. అయినా నాకు భయంగా ఉంది.

మా దీవిలో వీలునామా రాయడమంటే చావుని పిలిచి పీట వేయడమే. పైగా మా ఇంట్లో కాగితం మీద చివరిసారి చెయ్యి పెట్టింది మా తాత ప్రిన్స్ గ్రాంట్. చదువు రానివాడు. ముగ్గురు తెల్లవాళ్ళు వచ్చి, పడవ రేవు అద్దె కాగితమని చెప్పి ఇంటూ గుర్తు పెట్టించుకున్నారు. ఇరవై ఎకరాలు పోయాయి, వాటితో మా సమాధులూ పోయాయి. ఇప్పుడక్కడ గేటుంది. మా పెద్దవాళ్ళకి పువ్వులు పెట్టాలంటే కాపలావాడి అనుమతి కావాలి.

1. మిగిలిన ఆరెకరాలూ, ఇల్లూ నా తమ్ముడి కూతురు లవీనియాకు నా తదనంతరం సర్వహక్కులతో చెందాలి. రాయకుండా పోతే ఎక్కడెక్కడి వారసులో పుట్టుకొస్తారు, వాళ్ళలో ఒక్కడు తన వాటా అమ్మినా, కొన్నవాడు కోర్టుకెళితే మొత్తం వేలానికొస్తుంది. ఆ భయం చావు భయం కన్నా పెద్దది, అందుకే రాస్తున్నాను.

2. తమ్ముడు ఈజకీల్‌కు తాత విసురు వల. దాన్ని బాగుచేయడం వచ్చినవాడు అతనొక్కడే. నేను తాతకి ఉత్తరాలు రాస్తుంటే, "చచ్చినోళ్ళకి ఉత్తరాలేంటక్కా, బిళ్ళ ఎక్కడంటిస్తావ్?" అని ఊరంతా నవ్వించాడు. నా దగ్గర మిగిలిన తపాలా బిళ్ళలన్నీ కూడా అతనికే.

3. ఫోబీ కేపర్స్‌కు నేను అల్లిన గడ్డి బుట్ట. పదకొండేళ్ళుగా చర్చిలో నా చోట్లో కూర్చుంటోంది. ఇక ఆ చోటూ ఆమెదే. జ్వరమొచ్చినప్పుడు బెండకాయ పులుసు తెచ్చింది కూడా ఆమే.

4. ఉత్తరాలు. నాన్న బతికినన్నాళ్ళూ తన తండ్రి పేరెత్తలేదు. ఎవరైనా ఎత్తితే అన్నం ముందునుంచి లేచిపోయేవాడు. ఆ మౌనం నాకు వణుకై వచ్చింది. డాక్టరు మాత్రలిచ్చాడు, తగ్గలేదు. ముప్పై ఏళ్ళుగా తెల్లవారగానే తాత పేరున గ్లాసుతో నీళ్ళు పెట్టి ఒక ఉత్తరం రాస్తే ఆ రోజు గడిచేది. అవన్నీ పడకగది గోడలకు అంటించాను. మా అవ్వ రాత్రిపూట దెయ్యాలు మీద పడకుండా గోడలకు వార్తాపత్రికలు అంటించేది. "వచ్చిందేదైనా సరే, అచ్చరం అచ్చరం సదివాకే నిన్ను ముట్టుకోవాలే పిల్లా. ఆలోగా తెల్లారిపోద్ది" అనేది. గోడలకు రంగు వేయకూడదు. లవీనియా కూడా తాతకి వారానికి ఒక ఉత్తరమైనా రాయాలి. ఈ వీలునామా నకలు నా మంచం పక్కనే అంటించాలి. "ఒక్క పేజీ చాలమ్మా" అన్నాడు వకీలు. చాలదు నాయనా, చావు దీన్ని కూడా చదవాలి.

5. ప్రిన్స్ తాతకు: ప్రతి ఉత్తరంలోనూ "నీ తప్పు లేదు" అని రాశాను. అబద్ధం. ముప్పై ఏళ్ళూ నీ మీద కోపంగానే ఉన్నాను. నిన్న ఈ కాగితం ఇక్కడిదాకా పైకి చదివించుకుని సంతకానికి కూర్చున్నాను. కలం కాగితానికి ఆనలేదు. ఎదురుగా ఉన్నది లవీనియా ఒక్కతే, అదీ నా చెయ్యి పట్టుకుని. నీ ఎదుట ముగ్గురు నిలబడ్డారు, తుపాకులతో. నీకు చదివి వినిపించినవాడు లేడు. నీకెంత భయం వేసిందో నాకు నిన్నటిదాకా తెలియలేదు. ఇవాళ నిజంగా రాస్తున్నాను, తాతా. నీ తప్పు లేదు.

ఇందుకు సమ్మతించి, భయపడుతూనే చేసిన సంతకం:

ఆర్లీథా గ్రాంట్   ×

పక్కనున్న ఇంటూ గుర్తు కొట్టివేత కాదు. అది మా తాతది. ఈసారి భూమి పోకుండా పెట్టాడు.

తేదీ: 1994 అక్టోబరు 11

సాక్షులు:
1. టోబియాస్ ఫ్రిప్, చర్చి పెద్ద
2. హెస్టర్ మిడిల్టన్, బడి పంతులమ్మ