ఎర్రబడే ముఖం

అన్నయ్యా,

మా ఆయన తాగొచ్చారని నువ్వు గుమ్మంలోంచే పంపేశాక, రెండేళ్లకు ఇదే మొదటి ఉత్తరం.

ఆయన తాగలేదు. ముఖం ఉన్నట్టుండి ఎర్రబడడం, విరేచనాలు, అన్నీ కణితి వల్లేనట. చాలా అరుదైన రకమట. మామూలు స్కానింగుల్లో దొరకలేదు. నిన్న కొద్దిగా రేడియోధార్మిక మందు నరానికి ఎక్కించి ఇంకో రకం స్కాను తీశారు. అది వెళ్లి అలాంటి కణితిని పట్టుకుంటుందట. తెరమీద మూత్రపిండాలు వెలిగితే హడలిపోయాను. అక్కడ వెలగడం మామూలేనట. పేగులో ఒక చుక్క, కాలేయంలో రెండు మాత్రం మామూలువి కావు.

"చూశావా, నా తరఫు సాక్షులు ముగ్గురు," అన్నారు ఆయన. నేను నవ్వేశాను. డాక్టరు నావంక వింతగా చూశారు. సంతోషించాలో ఏడవాలో ఇప్పటికీ తేలడం లేదు.

బుధవారం ఆపరేషను. తీయగలిగినంత తీసి, తర్వాత ఇంజెక్షన్లు ఇస్తారట. పూర్తిగా నయమవుతుందని ఎవరూ అనలేదు. నువ్వు రా. వచ్చి ఏం మాట్లాడాలని నన్నడగకు, నాకే తెలియదు. తాగారని నువ్వు ఒక్కసారే అన్నావు. నేను రెండేళ్లూ ప్రతి సాయంత్రం ఆయన నోటి వాసన చూశాను. ఈమధ్య చెప్పులు విడవగానే, నేను అడక్కముందే ఆయనే నోరు తెరుస్తున్నారు.

నీ చెల్లెలు