హాలీ చెట్టుకు నేను కట్టిన బిళ్ళ

తిరుపతిలో కాపురమున్న డెబ్బై నాలుగేళ్ల మునస్వామి అనే నేను, కాలేజీ వృక్షశాస్త్ర విభాగంలో అటెండరుగా రిటైరైనవాణ్ణి, ఎవరి బలవంతమూ లేకుండా రాసుకున్న వీలునామా ఇది. తెలివి బాగానే ఉంది. మొన్న హార్సిలీ కొండకు పోయి వచ్చినప్పటి నుంచి మనసే గందరగోళంగా ఉంది.

1. హార్సిలీ కొండ మీద నా భార్య కీర్తిశేషురాలు అలివేలమ్మకు పుట్టింటివారిచ్చిన ఇల్లు, పెరడు నా తమ్ముడి కొడుకు ఢిల్లీబాబుకు. పత్రాల్లో చిత్తూరు జిల్లా అని ఉంది. ఇప్పుడది ఏ జిల్లానో, ఈ వీలునామా అమలు చేయవలసిన మా విభాగం లెక్చరరు రాజశ్రీ మేడం కనుక్కోవాలి.

2. పెరట్లోని హాలీ చెట్టును ఢిల్లీబాబు తన ఇష్టప్రకారం... కాదు. ఇది కొట్టివేయడమైనది. ముందు చెట్టు సంగతి చెప్పాలి.

3. హాలీ అంటే క్రిస్మస్ బొమ్మల్లో ముళ్ల ఆకులు, ఎర్రకాయలతో కనిపించే సీమచెట్టు. విభాగంలో పారేసిన మొక్కను తెచ్చి నాటాను. ఏడాది పొడవునా పచ్చగానే ఉంటుంది. కింది కొమ్మల ఆకులకు ముళ్లు, పై ఆకులు నున్నన. హాలీలో మగచెట్టు వేరు, ఆడచెట్టు వేరు. మొదటి పూతకు భూతద్దం పెట్టి చూస్తే తెల్లటి పువ్వులో పుప్పొడినిచ్చే మగ కేసరాలు నాలుగున్నాయి. "మగ. కాయదు" అని అల్యూమినియం బిళ్ళ మీద చెక్కి కట్టాను. అలివేలమ్మ మాత్రం, "నడిమిన పచ్చ బొడిపె ఉండాది సూడు, ఇది ఆడదే. తోడు లేక కాయలేదు" అంది. కాలేజీలో చేసేది నువ్వా నేనా అని కసిరాను.

4. మొన్న చాలా ఏళ్లకు పోతే ఆ చెట్టు నిండా ఎర్రటి కాయలు! వెతికితే స్నానాలగది వెనుక ఇంకో హాలీ ఉంది. ముళ్లు చూసి పిచ్చిపొద అనుకొని రెండుసార్లు నరికించబోతే అలివేలమ్మ అడ్డం పడిన పొద అదే. పక్కింటి చెంగమ్మ, "అక్క ఊటీ నుంచి తడిగుడ్డలో కొమ్మ తెచ్చి నాటింది గదన్నా, నీకు తెల్దా?" అంది. ఆమె పోయి ఆరేళ్లు. నా మీద కోపంతో నాటిందో, జాలితో నాటిందో ఎంత ఆలోచించినా తెగడం లేదు.

5. ఆడపువ్వులోనూ కేసరాలుంటాయి. అవి ఉత్తివి, పుప్పొడి ఉండదు. నల్ల కాగితం మీద పువ్వును తట్టి చూస్తే తెలిసిపోతుంది. ముప్పై ఏళ్లు విద్యార్థులకు అది చేసి చూపిన నేను నా చెట్టుకు చేయలేదు. మాకు పిల్లలు లేరని ఆసుపత్రికి పోతే ఇద్దరికీ పరీక్షలన్నారు. ఆమె చేయించుకుంది, ఏ లోపమూ లేదన్నారు. నేను సిగ్గుపడి పోలేదు. మా అమ్మ ఆమెను గొడ్రాలని తిడుతుంటే నోరు మూసుకుని కూర్చున్నాను. తప్పు నాది. ఈ మాట తప్పక రిజిస్టరు కావాలి.

2 (మళ్లీ). చెట్లు రెండూ ఢిల్లీబాబుకే, కానీ నరకరాదు. ముఖ్యంగా స్నానాలగది వెనుకది. అది ఎన్నటికీ కాయదు, అది లేకపోతే రెండోదీ కాయదు. ఒరే, గొడ్డలి పట్టుకున్నావంటే ఇల్లు చెంగమ్మకు పోతుంది, జాగ్రత్త.

6. చెంగమ్మకు అలివేలమ్మ పెళ్లిచీర, గుప్పెడు హాలీ కాయలు. ఒక్కో కాయలో నాలుగు గింజలుంటాయి. మొలవడానికి రెండేళ్లు పట్టినా పడుతుంది, కుండీ పారేయొద్దమ్మా.

7. భూతద్దం రాజశ్రీ మేడంకు. నాకు దాంతో పని లేదు.

8. చెట్టుకు కొత్త బిళ్ళ వద్దు. పాతది విప్పి, నన్ను మట్టి చేసేటప్పుడు నా చొక్కా జేబులో పెట్టండి. దాని మీద రాసింది నాకే సరిపోతుంది.

తిరుపతి, 14-12-2025.
(సంతకం) మునస్వామి

మా ఎదుట సంతకం చేసినందుకు సాక్షులు:
1. గోవిందు
2. మునిప్రసాద్