అతుకు తప్పిన గుడ్డ

జూన్ 14, 1999

ఎడమ చేత్తో రాస్తున్నాను. కోడిగీతలే. ఎవరు చదవాలి గనక. డైరీ పోయినేడాదిది. గుడివాడ నుంచి బావమరిది కోటి తెచ్చిచ్చాడు — "ఊరికే కూచోలేవు, ఏదో ఒకటి రాసుకో బావా." తేదీలకి వారాలు కలవవు. నాకిప్పుడు వారాలతో పనేముంది?

అరుగు మీద కూచోవడం ఇవాళ్టికి పదకొండో రోజు. కూచోవడమే పని. బీమా ఇన్‌స్పెక్టరు చెప్పాపెట్టకుండా వస్తాడట. "చెంబు కూడా ముట్టుకోకు బావా. చెయ్యి పనిచేస్తోందని రాసేస్తే పింఛను గోవిందా." కోటి ఒక్కసారి చెప్పి వెళ్ళాడు, రమణ రోజుకి పదిసార్లు చెబుతోంది. పొద్దున బకెట్ ఎత్తబోతే పరుగెత్తుకొచ్చి లాక్కుంది. పెళ్ళాం కాదు, పోలీసు.

ఎదురు షెడ్డులోంచి ధబ్... ధబ్... పేరయ్య మావయ్య గుడ్డ మీద చెక్క అచ్చు గుద్దుతున్నాడు. నాకు పని నేర్పినవాడు. డెబ్బై దాటినా ఆ చప్పుడు మారలేదు. వినలేను. వినకుండా ఉండలేను.

జూన్ 16

రాలేదు.

జూన్ 17

రాలేదు. గోడ మీద పెచ్చులు లెక్కపెట్టాను.

జూన్ 19

వాన. వీధంతా బురద. బురద చూస్తే ఆ కాలవ మెట్లే గుర్తొస్తాయి. ఫిబ్రవరిలో... భుజాన తడిగుడ్డల మూట, నాచు పట్టిన మెట్టు, అంతే. కట్టు విప్పేసరికి కుడి మణికట్టు అతికింది, వంకరగా. చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరి. గిల్లినా తెలీదు. మిగతా మూడూ బాగానే ఉన్నాయి. అదే వచ్చిన చిక్కు. చెయ్యి పూర్తిగా పోయుంటే ఎవడూ ఏమీ అడిగేవాడు కాదు.

ఛీ. ఏం రాతలు రాస్తున్నాను.

జూన్ 23

వచ్చాడు! బక్కపల్చటి కుర్రాడు, మర్యాదస్తుడే. రమణ కాఫీ ఇచ్చింది. నేను ఏ చేత్తో గ్లాసు పట్టుకుంటానో ఓరకంట చూస్తున్నాడు. ఎడమ చేత్తో తాగాను, చొక్కా మీద ఒలికింది. ఏదో రాసుకున్నాడు.

"అసలు మీరు చేసే పనేంటండీ?"

చెప్పాను. కుడిచేత్తో చెక్క అచ్చు రంగులో అద్ది, వేసిన అచ్చుకి సరిగ్గా ఆనించి గుడ్డ మీద పెట్టాలి. ఎడమ పిడికిలితో గుద్దాలి. రెండు అచ్చులు కలిసే చోటు, అదే అతుకు, కనపడకూడదు. కనపడితే పని రానట్టే.

"ఓ... ఆఫీసులో స్టాంపు వేసినట్టన్నమాట!"

స్టాంపా? ముప్ఫై ఏళ్ళు నేను వేసింది స్టాంపులా! నోటిదాకా వచ్చింది. రమణ వెనకనించి చొక్కా పట్టి గుంజింది. వచ్చే నెల రెండో తేదీన బందరులో బీమా డాక్టరు ముందుకి రమ్మని కాగితమిచ్చి వెళ్ళాడు.

జూన్ 24

చూపిస్తాను. నోటితో చెబితే ఎవడికి అర్థమవుతుంది? గుడ్డ మీద చూపిస్తాను. ఈ చెయ్యి ఏం చేస్తోందో గుడ్డే చెబుతుంది.

పేరయ్య మావయ్య అన్నానికి వెళ్ళిన వేళ షెడ్డులో దూరాను. రెండు గజాల గుడ్డ పరిచి లతల అచ్చు తీశాను. మొదటిది సరే. రెండోది పెట్టబోతే మణికట్టు పక్కకి తిరిగిపోయింది. మూడోదీ అంతే. చెమట. గుడ్డ చివరికొచ్చేసరికి ఏడుపొచ్చింది. చెప్పుకోడానికి సిగ్గేముంది, ఏడ్చాను.

గుమ్మంలో రమణ. "మీకేమైనా మతిపోయిందా? ఎవరైనా చూస్తే?"

"చూడాలనే వేశాను."

జూన్ 29

రమణ ఆ గుడ్డని రంగులో ఉడికించి, కాలవలో జాడించి తెచ్చింది. లతల నలుపు తేలింది. తేలాక ఇంకా ఘోరంగా ఉంది. అతుకు అతుక్కీ లత విరిగిపోయింది. ఇలాంటి గుడ్డ నా ఇంట్లో! ఎవరి కంటా పడకుండా పెట్టెలో అడుగున పెట్టాను. ఇది చూస్తే ఏ డాక్టరైనా మారుమాట్లాడడు.

జూలై 2

బందరు వెళ్ళొచ్చాం. కోటి కూడా వచ్చాడు. చెయ్యి చూపిస్తుండగానే గుడ్డ తీసి బల్ల మీద పరిచాను.

డాక్టరు కళ్ళజోడు సర్దుకున్నాడు. "బ్యూటిఫుల్! ఎవరు వేశారండీ?"

"నేనేనండీ. ఈ చేత్తోనే."

"ఎప్పుడు?"

"వారం కిందటండీ."

కోటి నా కాలు తొక్కాడు. అప్పుడు గాని నా బుర్రకెక్కలేదు.

"మరి వేస్తున్నారుగా!" అన్నాడు డాక్టరు. తప్పు పట్టినట్టు కాదు, సంతోషంగా. అదే చంపేసింది నన్ను. "కాదండీ, ఇదిగో ఇక్కడ చూడండి, ఇక్కడ..." వేలు పెట్టి చూపించాను. ఆయన వంగి చూశాడు. గుమాస్తాని పిలిచి చూపించాడు. "మా ఇంట్లో దుప్పటికంటే బాగుందండీ," అన్నాడా గుమాస్తా మహానుభావుడు.

చివరికి డాక్టరే అన్నాడు — "మీ పని నాకు తెలీదు. తెలిసినవాళ్ళెవరైనా ఈ గుడ్డ పనికిరాదని రాసిస్తే పదహారున తీసుకురండి. చూద్దాం."

బస్సు ఎక్కిందాకా కోటి ఓర్చుకున్నాడు. ఎక్కాక అందుకున్నాడు. "చెంబు ముట్టుకోవద్దంటే గుడ్డంతా అచ్చేసి పట్టుకొస్తావా బావా! నీ అంత అమాయకుణ్ణి నేనెక్కడా చూళ్ళేదు!"

మా ఊరు పెదన వచ్చేదాకా ఒకటే తిట్లు. పడ్డాను.

జూలై 5

నాకు పనిచ్చే షావుకారు దగ్గరికి వెళ్ళాను, గుడ్డ పనికిరాదని రాసిమ్మని. ఆయన గుడ్డ అటూ ఇటూ తిప్పాడు.

"కొంచెం తేడా ఉందిలే. కొనేవాడికేం తెలుస్తుందయ్యా? సోమవారం నించి పనిలోకొచ్చెయ్. మోటురకం ఆర్డరొకటుంది, సగం కూలి ఇస్తా."

సగం కూలికి, చెడ్డ పని, నా చేత్తో. నమస్కారం పెట్టి వచ్చేశాను. వీధి మలుపులో నిలబడిపోయాను. ఎవరికీ కనపడకపోతే తప్పు ఉన్నట్టా, లేనట్టా? నేనే లేని తప్పు వెతుక్కుంటున్నానా?

జూలై 6

నిద్ర లేచిన దగ్గర్నించి అదే ఆలోచన. రమణ మీద ఊరికే కేకలేశాను. చారులో ఉప్పు సరిగ్గానే ఉంది.

జూలై 9

పేరయ్య మావయ్య దగ్గరికి వెళ్ళాను. ఇన్నాళ్ళూ వెళ్ళలేదు. ఎందుకో నాకు తెలుసు.

ఏమీ చెప్పకుండా గుడ్డ చేతికిచ్చాను. వెలుగులోకి పట్టుకెళ్ళాడు. ఒక్క చూపు.

"ఎవడ్రా వీడు? కొత్తవాడా?"

అతుకు మీద వేలు పెట్టాడు.

"చెయ్యి ఇంకా కుదర్లా. అచ్చు పట్టుకోడమే రాలేదు. రెండేళ్ళు రంగు కలపమను ముందు."

"నేనే, మావయ్యా."

గుడ్డ మడిచాడు. మళ్ళీ విప్పాడు. మళ్ళీ మడిచాడు. అంత పెద్దాయన కళ్ళు తుడుచుకుంటుంటే నేను ఎటు చూడాలో తెలియలేదు.

బీమా సంగతి చెప్పాను. రాసివ్వాలన్నాను. "నీ పని బాగాలేదని నా నోటితో చెప్పమంటావా? పోరా," అన్నాడు. గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, "నాకు రాయడం రాదు గదరా. నువ్వే రాయి, వేలిముద్ర వేస్తాను."

ఆయన చెబుతున్నాడు, నేను ఎడమ చేత్తో రాస్తున్నాను. ఈ గుడ్డ వేసినవాడు అచ్చు పనికి పనికిరాడు. నేను యాభై ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాను. నాకు తెలుసు.

"పనికిరాడు" దగ్గర ఆగిపోయాను. "రాయి," అన్నాడు. రాశాను. అచ్చుల రంగులోనే బొటనవేలు ముంచి కింద వేశాడు.

జూలై 12

సోమవారం. షావుకారు మనిషిని పంపాడు, వస్తావా రావా అని. గురువారం దాకా ఆగుతాడట. ఆ తర్వాత ఇంకొకణ్ణి చూసుకుంటాడట. రమణ నా మొహం చూసింది. ఏమీ అనలేదు. అంటే బాగుండేది, దెబ్బలాడేవాణ్ణి.

జూలై 15

గురువారం. షావుకారు దగ్గరికి వెళ్ళలేదు.

కోటి ఫోన్ చేశాడు, ఎదురు కొట్టుకి. "నీ చేతిరాతతోనే రాసుకెళ్తే నమ్ముతారా బావా?" ఆ మాట నాకు తట్టనే లేదు. కింద వేలిముద్ర ఉందిగా అన్నాను. అన్నానే గాని...

సాయంత్రం రమణ సంచి సర్దుతోంది. కాగితం పెట్టింది. గుడ్డ మడత పెడుతూ ఆగింది.

"ఏవండీ, ఒకటడుగుతాను, కోప్పడొద్దు. ఇందులో తప్పెక్కడుంది? ఉడికించినప్పుడూ చూశాను, జాడించినప్పుడూ చూశాను. నాకు కనపళ్ళేదు."

కోపం రాలేదు. గుమ్మం దగ్గర వెలుగుంటే అక్కడికి తీసుకెళ్ళాను. ఆమె వేలు పట్టుకుని లత వెంబడి నడిపించాను. ఇదిగో తీగ ఇలా వస్తోందా, ఇక్కడ ఆగింది చూడు, నూలుపోగంత కిందకి దిగి మళ్ళీ మొదలైంది. చూశావా?

చాలాసేపు చూసింది. "ఆఁ. కనపడింది," అంది.

నిజంగా కనపడిందో, నాకోసం అందో. ఆమెని అడగలేదు. రమణ అబద్ధమాడినా ఫరవాలేదు. రేపు ఆ డాక్టరు మాత్రం నిజంగా చూడాలి.