నీ పేరున్న టాగ్

నాన్నా,

నిన్ను గుద్ది చంపిన లారీ డ్రైవరు శిక్ష పూర్తిచేసుకుని ఈరోజు కోహ్కాలో మనింటికి వచ్చాడు. గుమ్మం బయటే నిలబడి, "మాఫ్ కర్ దో, దీదీ" అని క్షమాపణ అడిగాడు.

నాకు మనిద్దరం టీవీలో చూసిన సీరియల్ గుర్తొచ్చింది. వేరే గ్రహంలో ఒక హంతకుడి జ్ఞాపకాలన్నీ యంత్రంతో చెరిపేసి, ఇప్పుడితను వేరే మనిషి కాబట్టి క్షమించామని జడ్జి తీర్పు చెబుతాడు. నువ్వు విసుక్కుంటూ టీవీ కట్టేశావు.

"క్షమించడానికి ఆడెవుడే? ఆడికేటి పోయింది? ప్లాంటులో మిషనాపి రిపేరుకి దిగేటప్పుడు ఎవుడూ ఆన్ సెయ్యకుండా స్విచ్చికి నా పేరుతో టాగ్ కడతాను. నాతో దిగినోడు ఆడిది ఆడు కడతాడు. ఎవుడిది ఆడే ఇప్పాల. సాబులొచ్చినా ముట్టుకోరు."

"కట్టినోడు తిరిగి రాకపోతే?" అన్నాను.

"అందుకే గదే, మనిషిని సంపితే ఇంక సర్దడానికుండదు" అన్నావు.

డ్రైవరుకి చాయ్ ఇచ్చాను. తలొంచుకుని తాగి, గ్లాసు తనే కడిగి పెట్టాడు. "నా తరఫున మాఫ్, భయ్యా" అన్నాను. అతను "ఔర్ బాబూజీ కీ తరఫ్ సే?" అని నీ తరఫున కూడా మాఫ్ అడిగాడు.

నా టాగ్ నేను విప్పేశాను నాన్నా. నీది ముట్టుకోలేదు.