నువ్వు కుంచెలు దులిపిన తలుపు

బావా, నువ్వు పోయి ఏడాదైంది, ఇంక చదివేదెవరని ఈ ఉత్తరం మానేద్దామనుకున్నాను.

మొన్న ఫ్యాను గాలి కోసం లైబ్రరీకి వెళ్తే, గోడ మీద ఎవరో విదేశీ చిత్రకారుడి అచ్చుబొమ్మ కనిపించింది. అందులో మనిషి లేడు, చెట్టు లేదు. ఎరుపు ఎగిరొచ్చి పసుపు మీద పడింది, నలుపు దాన్ని తరుముతోంది. ఎంత సంబరంలో ఉండి వేసిందో ఆ చెయ్యి! పోర్టులో ఓడలకు రంగులేసి వచ్చి, పెరటి తలుపు మీద నువ్వు కుంచెలు దులిపేవాడివే, అచ్చం అలాగే.

తిన్నగా మీ ఇంటికెళ్లాను. మా చెల్లి ఆకుపచ్చ రంగు డబ్బా మూత తీస్తోంది.

“మీ బావ పాడుసేసిన తలుపు బాగుసేత్తన్నాను అన్నియ్యా” అంది.

“ఆగే! ఇలాటిదాన్నే లైబ్రరీలో పటం కట్టి పెట్టినారు.”

చెల్లి తలుపు వైపు చూసి, డబ్బా మూత మళ్లీ బిగించి నా చేతికిచ్చింది.

నిన్న ఆ ఆకుపచ్చ రంగు మా కిటికీలకు వేశాను.